మొహాల పద్దు

గ్యాసు బిల్లు వెనకవైపు
గురామ్ ముక్కు గీశాను.
కాగితం పారెయ్యడం మా ఇంట్లో పాపం,
జోసిమే ఫాదర్ చెప్పే పాపాల్లో
అది లేకపోయినా.

గురామ్ మా వీధి చివర రొట్టెలు కాలుస్తాడు.
కుతైసీలో ఇంకా కోళ్లు కూడా లేవని వేళ
మట్టిపొయ్యిలోకి నడుం దాకా వంగి
లోపలి గోడకి పిండి చరిచి
ఎర్రటి మొహంతో పైకి లేస్తాడు,
రొట్టెకోసారి కొత్తగా పుట్టినట్టు.
అతనికి మేం నూట పద్నాలుగు రొట్టెలు బాకీ.
కొట్టు గోడ మీద మా పేరు కింద బొగ్గుగీతలు
దువ్వెన పళ్లలా బారులు తీరి ఉంటాయి.
రొట్టెకి వెళ్లి రమ్మంటే మా ఎలిసో
తల వంచుకుని వెళ్తుంది, తల వంచుకుని వస్తుంది.

"డబ్బులొద్దు, బొమ్మ వేసిపెట్టు" అన్నాడు జనవరిలో.
"నాది కాదు. మా మ్జేకలాది."
ఆమె పోయి ఆరేళ్లు.
మిగిలింది పాస్‌పోర్టు ఫొటో ఒక్కటే.
పాస్‌పోర్టు ఫొటోలో
ఎవరూ ఎవరికీ భార్య కారు.

అందుకని అతన్నే గీస్తూ కూర్చున్నాను.
ఆమె పేరెత్తినప్పుడు
అతని ఎడమ కన్ను కొద్దిగా చిన్నదవుతుంది.
ఆమె అక్కడెక్కడో ఉంటుందని నా నమ్మకం.

కాన్వాసుకని దాచింది
జుంబేర్ మినీబస్సు క్లచ్ మింగేసింది.
ఆయన్నేమంటాను?
ఆ బస్సు నడిస్తేనే
ఇంట్లో చిక్కుడుగింజలు ఉడికేది.
మంచం కింద బ్యాంకు మేనేజరు బొమ్మ ఉంది.
గడ్డం కింద కండ ఎక్కువ వేశానని
డబ్బివ్వకుండా వెళ్లిపోయాడు.
గీకేశాను.
ముందు కోటు, తర్వాత టై.
మొహం దగ్గరికొచ్చేసరికి కత్తి ఆగింది.
"ఆ అంకుల్ ఇప్పుడెక్కడికి పోతాడమ్మా?"
ఎలిసో గుమ్మంలో నిలబడి అడిగింది.

ఆదివారం ఫాదర్ చెవిలో చెప్పాను,
ఒక మనిషి మొహం చెరిపానని.
"డబ్బిచ్చాడా?"
"లేదు ఫాదర్."
"అయితే చెరిపింది రంగునే."
కాసేపాగి, గొంతు తగ్గించి,
"గడ్డం నిజంగా అంత లావా?"
ఆయనే మళ్లీ గంభీరంగా,
దేవుడి పటాలు రాసేవాళ్లు
మొహం మొదలెట్టే ముందు ఉపవాసం ఉంటారన్నాడు.
మా ఇంటికి ఉపవాసాలు
కేలండర్ చూసుకుని రావు ఫాదర్,
అనలేదు. శిలువ ముద్దుపెట్టుకుని వచ్చేశాను.

రాత్రుళ్లు, గిన్నెలు కడిగాక,
వంటింటి బల్ల మీదే మ్జేకలా.
మూలన కన్యమరియ ముందు దీపానికని కొన్న
పొద్దుతిరుగుడు నూనెలో
కుంచెలు కడుక్కున్నాను. ఆవిడ చూసింది.
ఆవిడకీ ఒక బిడ్డ, ఒక వడ్రంగి,
నెలాఖర్లు తెలియనివి కావు.
జుంబేర్ బల్లకి అటువైపు
చేతుల మీద తల పెట్టుకుని
"నన్నెప్పుడు వేస్తావ్?" అన్నాడు.
నువ్వు కదలకుండా ఉన్నప్పుడు, అందామని చూస్తే
అప్పటికే నిద్రపోయాడు.
పదకొండేళ్ల కాపురంలో
ఆ నుదురు నేనింత దగ్గరగా
ఎప్పుడు చూశానో గుర్తు రాలేదు.
గ్యాసు బిల్లులో ఇంకా జాగా ఉంది.

ఈస్టరుకి ముందు శుక్రవారం బొమ్మ పట్టుకెళ్లాను.
తలగుడ్డ అంచు కింద
మేనేజరు చెవి ఒకటి లీలగా మిగిలింది.
తెలిసిన కంటికే తెలుస్తుంది.
గురామ్ చేతులు తుడుచుకున్నాడు.
మళ్లీ తుడుచుకున్నాడు.
"ఇంత నెమ్మదస్తురాలు కాదు" అన్నాడు చివరికి,
ఎడమ కన్ను చిన్నది చేసి.

తడిగుడ్డ పెట్టి గోడ తుడిచాడు.
గీతలు పోయాయి, మరక పోలేదు.
రెండు వేడి రొట్టెలు నా చేతిలో పెట్టి
బొగ్గుముక్క తీశాడు.
"ఇవి మాత్రం కొత్త పద్దు" అంటూ
చెయ్యెత్తకుండా, వణక్కుండా
పక్కపక్కన రెండు గీతలు గీశాడు.

ఎంత బాగా గీశాడు!
ఇరవయ్యేళ్లుగా నాకు రాని గీత అది.